ఉచిత చాకిరి నుండి ఉచిత ఉద్యోగ సేవ దాకా: ఏన్కూరు అంచు నుండి ఒక చరిత్ర

పని వెతుక్కునేవాళ్ళకు, ఉన్న పని మానుకొని ఇంకో పనిలోకి పోదలచుకున్నవాళ్ళకు సర్కారు పైసా తీసుకోకుండా అందించే సేవల గురించి మన చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. రాసినా పంచవర్ష ప్రణాళికల లెక్కల్లో ఒక పద్దుగా రాసి వదిలేస్తాయి. ఏ ఏట ఏ ఆఫీసు తెరిచారు, ఏ పథకానికి ఏ పేరు పెట్టారు అన్నంత వరకే. ఆ సేవ ఎవరి గడప దాకా వచ్చింది, ఎవరి గడప ముందు ఆగిపోయింది అనే ప్రశ్న వాటికి రాదు. దళితవాడకు మాత్రం అదే అసలు ప్రశ్న. ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్నతోనే చరిత్రను చూడదలచుకున్నాం.

చూడటానికి ఎంచుకున్న చోటు ఏన్కూరు. ఖమ్మం జిల్లాలో అడవి అంచున ఉన్న మండల కేంద్రం. ఒక దిక్కు తల్లాడ మీదుగా ఖమ్మం, ఇంకో దిక్కు జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం బొగ్గుబావులు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి పోయింది, ఏన్కూరు ఖమ్మంలోనే మిగిలింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఇటు వచ్చింది. గోదావరి నీళ్ళను ఆ కాలువలో కలపడానికి తవ్విన సీతారామ లింకు కాలువ కూడా ఏన్కూరు దగ్గరికే వచ్చింది. కోయ గూడేలు, లంబాడి తండాలు, మాల మాదిగ వాడలు పక్కపక్కనే ఉన్న నేల ఇది. ఇక్కడ పత్తి తీయడానికి, మిరపకాయ కోయడానికి రేపు ఏ ఊరి చేనుకు పోవాలో చెప్పేది ఎవరు? ముఠా మేస్త్రి. వాడకు తెలిసిన ‘ఉద్యోగ సమాచార కేంద్రం’ ఈనాటికీ ఆయనే. ఆటో ఆయనే మాట్లాడతాడు, కూలి ఆయన చేతి మీదుగానే వస్తది. అందులో ఆయన వాటా ఆయనకుంటది. అంటే పని ఎక్కడుందన్న కబురు కూడా వాడకు ఊరికే దొరకదు.

మరి ఆ కబురు ఊరికే ఇవ్వాలని ప్రపంచం ఒప్పుకొని వందేళ్ళు దాటింది. ఈ వందేళ్ళలో ఏం జరిగింది?

ముందు ఉచితమైంది మన శ్రమ

‘ఉచితం’ అనే మాటను ఈనాడు ప్రభుత్వం మనకిచ్చే దానికి వాడుతున్నారు. చరిత్రలో ఆ మాట తిరగబడి ఉంది. నిజాం రాజ్యంలో, అప్పటి వరంగల్లు జిల్లాలో భాగమైన ఈ ప్రాంతంలో, ఉచితంగా పుచ్చుకున్నది దొరలు, దేశముఖులు, సర్కారు నౌకర్లు. ఉచితంగా ఇచ్చింది మాల మాదిగలు. తెలంగాణ సాయుధ పోరాటంపై పుచ్చలపల్లి సుందరయ్య రాసిన గ్రంథంలో వెట్టిని కులాలవారీగా వివరించారు. మాల మాదిగ కుటుంబాలు ఇంటికో మనిషిని వెట్టికి పంపాలి. ఆ మనిషి కబుర్లు మోయాలి, సామాన్లు మోయాలి, కాపలా కాయాలి. చెప్పులు, మోటకు కావలసిన తోలు సామాను మాదిగలు కట్టివ్వాలి. ఇందులో ఉద్యోగం ఏది, కూలి ఏది, వేళ ఏది? పని వెతుక్కునే అవసరమే లేకుండా పుట్టుకతోనే పని వచ్చి మెడకు చుట్టుకునేది. పని మానుకునే హక్కు మాత్రం లేదు.

1936లో లాహోరు సభ కోసం రాసి, ఆ సభ రద్దయ్యాక తానే అచ్చు వేయించిన ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ ఈ విషయాన్నే ఆర్థిక భాషలో పెట్టారు. కాలంతో పాటు పరిశ్రమలు మారతాయి, ఒకటి పడిపోతే ఇంకొకటి లేస్తుంది, అప్పుడు మనిషి కూడా పని మార్చుకోగలగాలి. కులం ఆ మార్పును ఒప్పుకోదు. కాబట్టి మనం చూస్తున్న నిరుద్యోగంలో చాలా భాగానికి కులమే నేరుగా కారణం అని ఆయన వాదన. అర్థశాస్త్రం చదివిన మనిషి చెప్పిన ఈ మాట మన ఊళ్ళలో అక్షరాలా జరిగింది. సాగర్ కాలువలు, కరెంటు మోటార్లు వచ్చి మోట పోయింది. మోటతో పాటు మోట బొక్కెన కుట్టే పని పోయింది. ఫ్యాక్టరీ చెప్పులొచ్చి చెప్పులు కుట్టే పని పోయింది. పని పోయింది గాని కులం పోలేదు. తోలు పని చేతిలో ఉన్నవాడికి తోలు ఫ్యాక్టరీలో నౌకరీ రాలేదు. వాడు చేను కూలి అయిండు.

పని మార్చుకోవడం మిగతావాళ్ళకు ఒక సౌకర్యం కావచ్చు. దళితులకు అది కులం గీసిన గీత దాటడం. అందుకే ఉద్యోగ సమాచారం, శిక్షణ, దారి చూపడం అనే చిన్న పనులకు మన చరిత్రలో పెద్ద బరువుంది.

ఈ గీత దాటిన మొదటి దారులలో ఒకటి ఏన్కూరుకు దగ్గరలోనే ఉంది. ఇల్లెందు దగ్గర 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1937లో కొత్తగూడెంలో బావులు తెరిచారు. బొగ్గుబావి నెత్తిన ప్రాణం పెట్టుకొని దిగే చోటు. అయినా వెట్టి కంటే అది మేలనిపించింది, ఎందుకంటే అక్కడ దినం కూలికి లెక్క ఉంది. ఐతే బావిలో పని ఉందన్న కబురు చెప్పింది ఏ సర్కారు ఆఫీసూ కాదు. కాంట్రాక్టర్లు, సర్దార్లు చెప్పిండ్రు. కూలిలో పాలు తీసుకున్నరు. ఈనాటి ముఠా మేస్త్రికి పూర్వీకులు వాళ్ళే.

ఉద్యోగ సేవ పుట్టుక

పని వెతికేవాడి దగ్గర డబ్బు తీసుకోకుండా పని చూపించడం రాజ్యం బాధ్యత అనే ఆలోచన కార్మిక పోరాటాల నుండి వచ్చింది. బ్రిటన్ 1909లో చట్టం చేసి మరుసటేడు లేబర్ ఎక్స్ఛేంజీలు తెరిచింది. 1919లో పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఆ ఏడే నిరుద్యోగం మీద చేసిన ఒప్పందంలో, ప్రతి దేశం ఉచిత ప్రభుత్వ ఉద్యోగ సేవలు నెలకొల్పాలని చెప్పింది. 1948లో ఉద్యోగ సేవ మీదే ప్రత్యేకంగా ఇంకో ఒప్పందం చేసింది.

మన దేశంలో ఈ సేవ రెండో ప్రపంచ యుద్ధం చివర పుట్టింది. 1945 జూలైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ ఏర్పడింది. యుద్ధం నుండి తిరిగొచ్చే సైనికులకు, యుద్ధ కర్మాగారాల్లో పని పోయిన కార్మికులకు కొత్త పని చూపడం దాని లక్ష్యం. ఆనాడు వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ సభ్యుడు అంబేద్కర్. 1942 జూలై నుండి 1946 దాకా ఆ శాఖ ఆయన చేతిలో ఉంది. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలన్నీ ఆయనొక్కడే కట్టాడని మేము అనడం లేదు. యుద్ధ అవసరం, బ్రిటిష్ నమూనా రెండూ అందులో ఉన్నాయి. కాని పని మార్చుకోనివ్వని కులమే నిరుద్యోగానికి కారణమని రాసిన మనిషి, పని మార్చుకునేవాళ్ళకు దారి చూపే మొదటి జాతీయ సేవ పుట్టిన శాఖకు బాధ్యుడిగా ఉన్నాడన్న సంగతిని అకడమిక్ చరిత్రకారులు ఎందుకు పక్కన పెట్టారో ఆలోచించాలి.

1947 దేశ విభజన తర్వాత ఈ ఎక్స్ఛేంజీలు శరణార్థులకు పనిచేశాయి. 1948లో అందరికీ తెరుచుకున్నాయి. శివరావు కమిటీ సిఫార్సు మీద 1956 నవంబరు 1న వాటి రోజువారీ పాలన రాష్ట్రాలకు అప్పజెప్పారు. అంటే ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజే ఆ బాధ్యత కూడా రాష్ట్రం చేతికొచ్చింది.

1959 చట్టం ఎవరిని బయట పెట్టింది?

ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలకు ఖాళీలు తప్పనిసరిగా తెలియజేయాలనే చట్టం 1959లో వచ్చి, 1960 మే 1 నుండి అమలైంది. ప్రభుత్వ సంస్థలు, 25 మంది అంతకుమించి పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీ వచ్చినప్పుడు ఎక్స్ఛేంజికి తెలపాలి. చూడటానికి మంచి చట్టమే. కాని దాని మూడో సెక్షను చదివితే మనకు ఇంకో సంగతి కనబడుతుంది. ఏ ఖాళీలకు ఈ చట్టం వర్తించదో అందులో రాశారు. ప్రైవేటు వ్యవసాయంలో యంత్రాలు నడిపే పని తప్ప మిగతా పనులన్నీ బయటే. ఇళ్ళల్లో చేసే పని బయటే. మూడు నెలలకు తక్కువ కాలం ఉండే పని బయటే. నైపుణ్యం అక్కరలేని ఆఫీసు పని కూడా బయటే. ఆ చివరిదానికి చట్టమే అర్థం చెప్పింది: దఫ్తరీ, జమాదారు, ఆర్డర్లీ, ప్యూను, ఫరాషు, కట్టలు మోసేవాడు, సమన్లు అందించేవాడు, కాపలావాడు, ఊడ్చేవాడు.

ఈ జాబితాను ఒక్కసారి మన వాడల్లో నిలబడి చదువుదాం. చేను పని ఎవరిది? ఇంటి పాచి పని ఎవరిది? నాలుగు రోజుల పని, పది రోజుల పని ఎవరిది? ఊడ్చే పని, కాపలా పని ఎవరిది? చట్టంలో కులం పేరు ఎక్కడా లేదు. పని పేరుతోనే కులాన్ని గీత బయట నిలబెట్టారు. అందులోనూ దళిత స్త్రీలకు మిగిలిన పనులు రెండే, చేను పని, ఇంటి పని. రెండూ చట్టం బయటే. అంటే ఉచిత ఉద్యోగ సేవ మొదటి రోజు నుండే దళిత స్త్రీని పని వెతుక్కునే మనిషిగా గుర్తించలేదు.

ఇంకో మెలిక నాలుగో సెక్షనులో ఉంది. ఖాళీ తెలియజేయడమే యజమాని బాధ్యత. ఎక్స్ఛేంజి పంపినవాళ్ళనే తీసుకోవాలన్న బాధ్యత లేదు. ప్రైవేటు యజమాని కాగితం పంపి ఊరుకుంటే చాలు. ప్రభుత్వ ఆఫీసుల్లో మాత్రం, చట్టం వల్ల గాక ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల, కింది తరగతి ఉద్యోగాలను చాలాకాలం ఎక్స్ఛేంజి పంపిన పేర్ల నుండే నింపారు. మనవాళ్ళకు అటెండరు నౌకరీలు, గుమాస్తా నౌకరీలు వచ్చింది ఆ కిటికీ గుండానే.

కార్డు కథ

పదో తరగతి పాసయ్యాక జిల్లా ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుంటే ఒక కార్డు ఇచ్చేవాళ్ళు. దాని ఫారం పేరు ఎక్స్-10. దానిమీద నమోదు నెంబరు, తేదీ ఉంటాయి. ఆ తేదీయే సీనియారిటీ. ఖాళీ వచ్చినప్పుడు చదువు, వర్గం, సీనియారిటీ చూసి పేర్లు పంపేవాళ్ళు. మూడేళ్ళకోసారి కార్డు రెన్యువల్ చేయించుకోవాలి. గడువు దాటితే సీనియారిటీ పోతుంది. పేరు రాసినందుకు, కార్డు ఇచ్చినందుకు, పేరు పంపినందుకు రూపాయి కట్టనక్కరలేదు. ఆ లెక్కన ఇది నిజంగా ఉచిత సేవే.

కాని అడవి అంచు మండలంలో ఉన్నవాడికి ఉచితం అంటే ఎంత? ఏన్కూరు నుండి ఖమ్మం పోయి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టు, పైగా బస్సు ఖర్చు. కాల్ లెటర్ పోస్టులో వస్తది. సీజన్లో ఇంటిల్లిపాదీ ఇంకో ఊరికి కూలికి పోయి ఉంటే దాన్ని అందుకునేదెవరు? రెన్యువల్ తేదీ గుర్తుచేసే చదువుకున్న మనిషి ఇంట్లో లేడు. ఊళ్ళో పటేలు కొడుకుకు ఆఫీసులో చుట్టం ఉంటడు, ఖాళీ పడకముందే కబురొస్తది. మొదటి తరం చదువుకున్నవాడికి కార్డే చుట్టం, కార్డే కబురు. అది ఇనప్పెట్టెలో భద్రంగా ఉండి మురిగిపోయిన ఇళ్ళు మన వాడల్లో కొల్లలు.

కార్డు మనిషిని ఎలా చూసిందో చెప్పే ఉదంతం తెలుగు నేల బయట, కోలారు బంగారు గనుల్లో ఉంది. గనుల కాలనీలో పాకీ పని చేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, చదువు అయ్యాక ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజికి పోయిండు. ఏ పని కావాలని అడగకుండానే ఆయన కాగితంలో పాకీ పని అని రాశారని, దాన్ని చించేసి బయటికి వచ్చానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. పని మార్చుకోవడానికి పోయినవాడికి, పని మార్చడానికే పెట్టిన ఆఫీసు, వాళ్ళ నాయన పనినే రాసిచ్చింది. ఆయన ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్ళతో కలిసి నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ వల్ల దేశం 2013 చట్టం దాకా వచ్చింది. 2013 చట్టంలో ఒక విశేషం ఉంది. పాకీ పని నుండి బయటపడ్డవాళ్ళకు వేరే పని నేర్పించాలని, నేర్చుకునే కాలంలో నెలకు 3000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని అందులో రాశారు. పని మార్చుకోవడాన్ని హక్కుగా రాసిన చట్టాలు ఈ దేశంలో బహు తక్కువ. ఇది ఒకటి. దాన్ని రాయించింది కూడా దళితులే.

స్థానికులెవరు?

ఉద్యోగాల ప్రశ్న మీద తెలంగాణలో లేచిన పెద్ద ఉద్యమం మన జిల్లా నుండే మొదలైంది. 1969 జనవరిలో పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలో స్థానికులకు దక్కవలసిన ఉద్యోగాలు దక్కలేదని ఆందోళన మొదలైంది. ఖమ్మంలో విద్యార్థి రవీంద్రనాథ్ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. అక్కడి నుండి అది తెలంగాణ అంతా పాకింది. తర్వాత 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో 610 జీవో వచ్చాయి. ఈ పోరాటాన్ని మేము తక్కువ చేయడం లేదు; అందులో దళిత విద్యార్థులూ దెబ్బలు తిన్నరు. కాని ఆ చరిత్ర అడిగిన ప్రశ్న ఒక్కటే: ఉద్యోగం పొందినవాడు ఏ ప్రాంతం వాడు? ఏ వాడ వాడు అన్న ప్రశ్న అడగలేదు. ప్రాజెక్టు మన నేలలో కట్టినా, నోటిఫికేషను మన భాషలో వచ్చినా, ఆ కాగితం మొదట ఎవరి చేతిలో పడుతుందన్నది కులమే నిర్ణయించింది.

ఈ ప్రశ్న మనలో మనకూ ఉంది. 1994లో మొదలైన మాదిగ దండోరా అడిగింది అదే. ఒకే కార్డు, ఒకే రిజర్వేషను ఉన్నా, ఖాళీ ఉందన్న కబురు, చదువు, హాస్టలు సీటు ముందు ఎవరికి చేరాయి? 1997లో వర్గీకరణ జరిగింది, 2000లో చట్టమైంది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చేయవచ్చని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుండి తెలంగాణలో ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా రిజర్వేషను పంచారు. సీట్ల వాటా తేలింది. సమాచారం వాటా తేలిందా? గ్రూపు ఒకటిలోని బాగా వెనుకబడిన కులాల గుడిసెల దాకా నోటిఫికేషను పోకపోతే ఆ ఒక్క శాతం కాగితం మీదే ఉంటది.

వాడ తనకు తాను కట్టుకున్నది

రాజ్యం చేయనిచోట దళితులు చేతులు ముడుచుకొని కూచోలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుండి ఇసామియా బజారు, లింగంపల్లి వంటి చోట్ల ఆది హిందూ బడులు నడిపిండు. ఏ పనిలోకైనా పోవాలంటే ముందు అక్షరం కావాలని గుర్తించి, అడక్కుండా ఇచ్చిన మొదటి ఉచిత సాయం అది. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు వచ్చాక, గోడ మీద అంటించిన నోటిఫికేషను, సీనియర్ అన్న చెప్పిన మాట, ఒకరు కొని పదిమంది చదివిన గైడు — ఇవే మన కెరీర్ గైడెన్సు. 1985 కారంచేడు, 1991 చుండూరు ఘటనల తర్వాత, అంబేద్కర్ శతజయంతి రోజుల్లో, వాడవాడనా యువజన సంఘాలు లేచాయి. విగ్రహం అరుగు మీద పేపరు పరిచి ‘అరే, గ్రూప్ ఫోర్ పడ్డదిరా’ అని కేకేసిన తమ్ముడే ఆ రోజు వాడకు ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి.

పోరాడి సర్కారుతో పెట్టించినవీ ఉన్నాయి. 1974లో ఎస్సీ కార్పొరేషను వచ్చింది. పోటీ పరీక్షలకు ఉచిత శిక్షణ ఇచ్చే ఎస్సీ స్టడీ సర్కిల్ హైదరాబాదులో వచ్చి, తర్వాత ఖమ్మం వంటి జిల్లా కేంద్రాల్లోనూ శాఖలు పెట్టింది. ఆదివాసులకు భద్రాచలం ఐటీడీఏ ఉంది. ఏన్కూరు వంటి చోట ఇది ఒక చిక్కు కూడా తెచ్చింది. ఒకే చేనులో కలిసి మిరపకాయ కోసే కోయ పిల్ల, లంబాడి పిల్ల, మాదిగ పిల్ల శిక్షణ కోసం వేరువేరు ఆఫీసుల గుమ్మాలు తొక్కాలి. వేరు హక్కులు ఉండవలసిందే, వాటి వెనుక వేరు చరిత్రలున్నాయి. కాని కబురు మాత్రం మండలంలోనే ఒక్కచోట అందరికీ దొరకకూడదా?

కిటికీ మూసుకుపోయిన తీరు

ఎక్స్ఛేంజి పతనంలో రెండు సుప్రీంకోర్టు తీర్పులు ముఖ్యమైనవి. రెండూ మన రాష్ట్రం నుండి పోయిన కేసులే. 1987లో హరగోపాల్ కేసులో, ప్రైవేటు యజమాని ఎక్స్ఛేంజి ద్వారానే తీసుకోవాలని చట్టం బలవంతపెట్టదని, ప్రభుత్వ సంస్థలు మాత్రం అలా తీసుకోవాలన్న ఉత్తర్వు సమానత్వానికి విరుద్ధం కాదని చెప్పారు. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజు సూపరింటెండెంటు కేసులో, ఎక్స్ఛేంజి పేర్లు ఒక్కటే చాలవు, పత్రికల్లో ప్రకటించి, నోటీసు బోర్డు మీద పెట్టి, వచ్చినవాళ్ళందరినీ చూడాలన్నారు. సూత్రంగా ఇది న్యాయమే. కార్డు లేనివాడికీ అవకాశం ఉండాలి. కాని ఫలితం ఏమైంది? సమాచారం ఆఫీసు నుండి పత్రికకు, పత్రిక నుండి కోచింగ్ సెంటరుకు పోయింది. సీనియారిటీ వరుసలో కూచున్న పేదవాడి తేదీకి విలువ పోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో, అశోక్‌నగర్‌లో నెలల తరబడి గది అద్దె కట్టగలిగినవాడిదే వరుస అయింది.

1991 తర్వాత సర్కారు నౌకరీలే తగ్గాయి. ఊడ్చే పని, కాపలా పని ఏజెన్సీలకు అప్పజెప్పారు. 1959 చట్టం ఏ పనులను నోటీసు ఇవ్వనక్కరలేదని వదిలేసిందో, సరిగ్గా అవే పనులు ముందుగా కాంట్రాక్టుకు పోయాయి. సింగరేణి సర్దారు చుట్టు తిరిగి ఏజెన్సీ రూపంలో వచ్చిండు.

తర్వాత కొత్త పేర్లు వచ్చాయి. 2005లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ నిరుద్యోగుల కోసం ఉపాధి కల్పన మిషన్ పెట్టింది. 2014లో కేంద్రం దీనదయాళ్ గ్రామీణ కౌశల్య యోజన, 2015లో జాతీయ కెరీర్ సేవ తెచ్చాయి. 2024 డిసెంబరులో తెలంగాణ డిజిటల్ ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజిని మొదలుపెట్టింది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చి 1959 చట్టం స్థానాన్ని తీసుకుంది. ఎక్స్ఛేంజి పేరు ‘కెరీర్ సెంటర్’ అయింది. వీటిలో శిక్షణ ఉచితం, నమోదు ఉచితం. వాడుకోవాలి, వదులుకోకూడదు. కాని ఒక ప్రశ్న అడుగుతూ వాడుకోవాలి: మన పిల్లవాడికి నేర్పుతున్నది సెక్యూరిటీ గార్డు పని, హౌస్‌కీపింగ్ పనేనా? పాత కాపలా, పాత ఊడుపు యూనిఫాం వేసుకొని వస్తే దాన్ని పని మార్పు అనగలమా?

పరీక్ష ఫీజు సంగతి కూడా ఇందులోదే. 2024లో టెట్ ఫీజును ఒక పేపరుకు 1000, రెండు పేపర్లకు 2000 రూపాయలు చేశారు. గొడవ జరిగాక అదే ఏడు తర్వాతి నోటిఫికేషనులో 750, 1000కి దించారు. కూలి ఇంటికి ఇది ఎన్ని రోజుల సంపాదనో లెక్క కట్టుకోవచ్చు. స్టడీ సర్కిల్ ఉచితం, పరీక్ష మాత్రం కొనుక్కోవాలి!

రెండు ఉదాహరణలు

ఊరిలో కూచొనే పని అడగవచ్చని చెప్పిన చట్టం 2005లో వచ్చింది. ఆ ఉపాధి హామీ చట్టం మొదటి విడత అమలైన జిల్లాల్లో ఖమ్మం ఉంది. 1959 చట్టం బయట పెట్టిన కూలి మనిషి చేతికి మొదటిసారి ఒక కార్డు వచ్చింది. జాబ్ కార్డు ఉచితం, పని అడిగితే తేదీ వేసిన రసీదు ఇవ్వాలి, పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలి. అమలులో ఎన్ని మోసాలున్నా, ఆ చట్టం ఉన్న చోట చేను కూలి రేటు అడిగే ధైర్యం వచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో ఇంకో చట్టం చేసింది. రోజులు 100 నుండి 125 చేశామన్నారు. కాని వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి 60 రోజులు పనులు ఆపే ఏర్పాటు అందులో పెట్టారు. రైతుకు కూలీలు కావలసినప్పుడు కూలీకి ఇంకో దారి ఉండకూడదన్నది వెట్టి నాటి తర్కమే. ఈ నిబంధన మీద దళిత సంఘాలు గట్టిగా మాట్లాడాలి.

రెండో ఉదాహరణ ఆశ ఇచ్చేది. నిజాం కాలంలో మస్కూరి, సేత్‌సింధి, నీరడి అనే పేర్లతో ఊరి చాకిరి చేసినవాళ్ళు, ఎక్కువగా దళితులు, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. పేరు మారింది గాని చాలాకాలం గౌరవ వేతనమే, అధికారి ఇంటి పని కూడా వాళ్ళదే. 2022లో వాళ్ళు నెలల తరబడి సమ్మె చేశారు. 2023 జూలైలో ప్రభుత్వం 20 వేల మందికి పైగా సహాయకులను వేర్వేరు శాఖల్లోకి పే స్కేలుతో తీసుకుంది. చదువును బట్టి కొందరిని జూనియర్ అసిస్టెంట్లుగా, కొందరిని రికార్డు అసిస్టెంట్లుగా పెట్టారు. తాత వెట్టి మోసిన ఊరిలో మనవడు రికార్డు రాసే కుర్చీలో కూచున్నడు. ఆ కుర్చీ సంఘం కట్టుకొని సమ్మె చేస్తే వచ్చింది.

మన ముందున్న పని

ఈ చరిత్ర నుండి మేము తీసుకున్న పాఠాలు కొన్ని. ఒకటి: ఉద్యోగ సమాచారం ఉచితంగా అందించడం దానం కింద లెక్కకట్టకూడదు. తరతరాలు ఉచితంగా పుచ్చుకున్న శ్రమకు అది చాలా చిన్న చెల్లింపు. రెండు: ఉచిత సేవ జిల్లా కేంద్రంలో ఆగిపోతే అది వాడకు ఉచితం కాదు. ఏన్కూరు వంటి ప్రతి మండల కేంద్రంలో ఒక గది, ఒక మనిషి, ఒక బోర్డు ఉండాలి. ఎస్సీ కార్పొరేషను, ఐటీడీఏ, స్టడీ సర్కిల్, శిక్షణ కేంద్రాల కబుర్లన్నీ అక్కడ తెలుగులో దొరకాలి. మూడు: చేను పనిని, ఇంటి పనిని, కాపలా పనిని ఉద్యోగ సేవల చట్టాల బయట ఉంచే పద్ధతి పోవాలి. మేస్త్రి కమిషను లేకుండా మిరప సీజను కూలి కబురు పంచాయతీ బోర్డు మీద రేటుతో సహా రాయించడం మొదటి మెట్టు కావచ్చు. నాలుగు: ఏ శిక్షణ కావాలో నేర్చుకునేవాడిని, నేర్చుకునే ఆడపిల్లను అడిగి రాయాలి.

ఇవన్నీ సర్కారు చేసేదాకా ఊరుకోనవసరం లేదు. ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ వ్యాసం చదువుతున్నారు. మీ మండలంలో 1960ల నుండి ఎంతమంది దళితులు కార్డు చేయించుకున్నారు, ఎంతమందికి కాల్ లెటరు వచ్చింది, ఎవరికి ఏ పని దొరికింది, ఎవరు ఏ పని వదిలి ఏ పనిలోకి పోయారు — వాడలో పెద్దలను అడిగి రాయండి. ఇనప్పెట్టెల్లో ఉన్న ఆ పాత కార్డులను చెత్తలో వేయనివ్వకండి. ఈ చరిత్రకు అవే దస్తావేజులు. వారానికొకసారి విగ్రహం అరుగు మీద కొత్త నోటిఫికేషన్లు చదివి వినిపించండి, ఫారాలు నింపిపెట్టండి, ఆఖరి తేదీలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.